ఇంజను మిస్‌ఫైర్

పెట్రోలు, సి.ఎన్.జి. వంటి ఇంధనాలతో నడిచే అంతర్దహన యంత్రంలో, ఒక సిలిండరులో జరగవలసిన దహనం జరగకపోవడాన్ని గాని, అసంపూర్ణంగా జరగడాన్ని గాని ఇంజను మిస్‌ఫైర్ అంటారు. మన మెకానిక్కుల వాడుకలో దీనిని "మిస్సింగ్" అంటారు. "బండి మిస్సింగ్ కొడుతోంది" అనే మాట తెలుగునాట కారు షెడ్లలో తరచుగా వినిపిస్తుంది. ఈ లోపం ఎల్లప్పుడూ ఉంటే కనిపెట్టడం సులభం. అప్పుడప్పుడు వచ్చి పోయే మిస్‌ఫైర్‌ను పట్టుకోవడం కష్టం. దారిలో ఇబ్బంది పెట్టిన కారు షెడ్డుకు తీసుకువెళ్ళేసరికి చక్కగా నడుస్తుంది. అందువలన చాలామంది అనుమానం మీద ఒక్కొక్క భాగాన్నే మారుస్తూ డబ్బు పోగొట్టుకుంటారు. లోపం ఏ పరిస్థితులలో కనబడుతున్నదో ముందు గమనించి, ఆ పరిస్థితులను తిరిగి కల్పించి పరీక్షించడమే ఇందుకు సరైన పద్ధతి. ఈ వ్యాసంలో మిస్‌ఫైర్ ఎందుకు వస్తుంది, ఎందుకు విడతలుగా వస్తుంది, దానిని ఎలా నిర్ధారించి సరిచేయాలి అనే విషయాలు వివరించబడ్డాయి.

దహనం జరిగే విధానం

కార్లలో వాడే పెట్రోలు ఇంజను నాలుగు ఘాతాల యంత్రం. 1876లో జర్మనీకి చెందిన నికొలాస్ ఆటో ఇటువంటి ఇంజనును విజయవంతంగా నిర్మించాడు. అందుచేత ఈ పద్ధతిని ఆటో చక్రం అంటారు. మొదటి ఘాతంలో ముషలకం (పిస్టన్) కిందికి దిగుతూ గాలిని, ఇంధనాన్ని పీల్చుకొంటుంది. రెండవ ఘాతంలో పైకి వస్తూ ఆ మిశ్రమాన్ని అదుముతుంది. ఈ ఘాతం ముగిసే ముందు స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వను పుట్టిస్తుంది. మూడవ ఘాతంలో మండిన వాయువులు ముషలకాన్ని బలంగా కిందికి నెడతాయి. ఇంజనుకు శక్తి లభించేది ఈ ఒక్క ఘాతంలోనే. నాలుగవ ఘాతంలో కాలిన వాయువులు బయటికి పోతాయి.

అనగా క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒక సిలిండరులో ఒకసారి దహనం జరుగుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 25 సార్లు, నాలుగు సిలిండర్ల ఇంజనులో మొత్తం సెకనుకు 100 సార్లు దహనం జరగాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా క్రాంకు షాఫ్టు వేగం ఆ క్షణంలో కొంచెం తగ్గుతుంది. తప్పులు పెరిగినప్పుడు అది మనకు కుదుపుగా తెలుస్తుంది.

దహనం సరిగా జరగాలంటే నాలుగు విషయాలు కుదరాలి.

* తగినంత బలమైన నిప్పురవ్వ
* సరైన పాళ్ళలో గాలి, ఇంధనం. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి.
* తగినంత సంపీడనం
* ఈ మూడూ సరైన సమయంలో జరగడం

మిస్‌ఫైర్‌కు కారణం ఏదైనా ఈ నాలుగింటిలో ఒకదాని కిందికి వస్తుంది. పరీక్షించేవారు ఈ విభజనను మనసులో ఉంచుకుంటే దారి తప్పరు.

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. బాగా అదిమిన గాలి వేడికే ఇంధనం మండుతుంది. అందులో కూడా దహనం తప్పవచ్చు గాని, కారణాలు వేరు. ఈ వ్యాసం పెట్రోలు ఇంజనులకే పరిమితం.

చరిత్ర

తొలినాటి మోటారు వాహనాలలో నిప్పు పుట్టించడమే పెద్ద సమస్యగా ఉండేది. 1902లో జర్మనీలోని బాష్ సంస్థ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్గును తయారుచేసింది. తరువాత అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ, కాయిల్ ఆధారంగా పనిచేసే ఇగ్నిషన్ పద్ధతిని రూపొందించాడు. కాంటాక్టు పాయింట్లు, కండెన్సరు, డిస్ట్రిబ్యూటరు ఉన్న ఈ పద్ధతి అనేక దశాబ్దాలపాటు కార్లలో కొనసాగింది. మన దేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు నడిపినవారికి "పాయింట్లు అరిగాయి", "టైమింగు తప్పింది" అనే మాటలు సుపరిచితం. ఆ రోజులలో మిస్సింగ్ వస్తే మెకానిక్కు చేసే మొదటి పని పాయింట్లను ఆకురాయితో రుద్ది శుభ్రం చేయడమే.

తరువాత కార్బురేటరు స్థానంలో ఇంజెక్టర్లు, డిస్ట్రిబ్యూటరు స్థానంలో ఒక్కొక్క ప్లగ్గుకు విడి కాయిల్ వచ్చాయి. వీటినన్నింటినీ ఇ.సి.యు. అనే కంప్యూటరు నియంత్రిస్తుంది. అమెరికాలో 1996 నమూనా కార్ల నుండి మిస్‌ఫైర్‌ను కారే స్వయంగా గుర్తించి నమోదు చేయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. భారతదేశంలో భారత్ స్టేజ్-4 కాలంలో ఇటువంటి స్వయం నిర్ధారణ వ్యవస్థ మొదటి దశ 2010 నుండి, రెండవ దశ 2013 నుండి తప్పనిసరి అయ్యాయి.

లక్షణాలు

* ఐడ్లింగ్‌లో, అనగా బండి నిలిచి ఉండి ఇంజను మాత్రం నడుస్తున్నప్పుడు, స్టీరింగు, సీటు వణకడం
* యాక్సిలరేటరు తొక్కినప్పుడు కారు గుంజుకుంటూ కుదుపులతో వెళ్ళడం, పికప్ తగ్గడం
* సైలెన్సరు నుండి వచ్చే శబ్దంలో లయ తప్పడం
* కాలని పెట్రోలు వాసన రావడం, మైలేజీ తగ్గడం
* డాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలగడం, లేదా మిణుకుమిణుకుమనడం

వణుకు అంతా మిస్‌ఫైర్ కాదు. వణుకు ఇంజను వేగంతో కాక కారు వేగంతో మారుతుంటే చక్రాల బ్యాలన్సింగును చూడాలి. గేరు వేసి నిలిపినప్పుడే ఎక్కువగా ఉంటే ఇంజను మౌంటు రబ్బర్లు అరిగి ఉండవచ్చు. మూడు సిలిండర్ల ఇంజనుకు నాలుగు సిలిండర్ల ఇంజను కంటే సహజంగానే కొంత వణుకు ఎక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు గులకరాళ్ళు గలగలలాడినట్లు వినబడే శబ్దం నాకింగ్. అది ఇంధనం అదుపు తప్పి మండడం వలన వస్తుంది. మిస్‌ఫైర్ అంటే మండకపోవడం. రెండింటినీ ఒకటిగా భావించరాదు.

నిర్లక్ష్యం చేస్తే కలిగే నష్టం

మండని పెట్రోలు, దానితోపాటు వాడకం కాని ఆక్సిజన్ వేడి గొట్టంలోకి పోతాయి. అక్కడ కెటలిటిక్ కన్వర్టరు అనే ఉత్ప్రేరక పరికరం ఉంటుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాల పూతగల ఈ పరికరంలో ఆ పెట్రోలు మండుతుంది. దాని ఉష్ణోగ్రత 1000 డిగ్రీల సెల్సియస్ దాటితే లోపలి పూత పాడవుతుంది. ఇంకా పెరిగితే లోపలి పింగాణీ జల్లెడ కరిగి పొగ దారిని మూసివేస్తుంది. ఒక ప్లగ్గు మార్చడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే కన్వర్టరు ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంజను దీపం నిలకడగా వెలిగితే లోపం నమోదయిందని అర్థం. త్వరలో పరీక్ష చేయించాలి. ఆరుతూ వెలుగుతూ ఉంటే, ఆ క్షణంలో జరుగుతున్న మిస్‌ఫైర్ కన్వర్టరును కాల్చివేసేంత తీవ్రంగా ఉన్నదని అర్థం. అప్పుడు యాక్సిలరేటరు నుండి కాలు తీసి, వేగం తగ్గించి, సురక్షితమైన చోట బండిని నిలపాలి. వేడెక్కిన కన్వర్టరు ఉన్న బండిని ఎండుగడ్డి మీద నిలపరాదు.

ఖర్చు కంటే ముఖ్యమైనది ప్రాణరక్షణ. జాతీయ రహదారి మీద లారీని దాటుతున్న సమయంలో ఇంజను ఒక్కసారిగా బలం కోల్పోతే ఎదురుగా వచ్చే వాహనం నుండి తప్పించుకునే వ్యవధి ఉండదు. కనుక అప్పుడప్పుడే వస్తున్నది కదా అని ఈ లోపంతో దూర ప్రయాణాలు చేయరాదు.

విడతలుగా ఎందుకు వస్తుంది?

భాగం పూర్తిగా చెడిపోక, దాని సామర్థ్యం అవసరానికి అంచున ఉన్నప్పుడు లోపం వచ్చి పోతూ ఉంటుంది. నిప్పురవ్వ విషయంలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. వాయువులో రెండు కొనల మధ్య విద్యుత్తు దూకడానికి కావలసిన వోల్టేజి, ఆ వాయువు పీడనం మీద, కొనల మధ్య దూరం మీద ఆధారపడి ఉంటుందని 1889లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ నిరూపించాడు. ఐడ్లింగ్‌లో సిలిండరులోకి వచ్చే గాలి తక్కువ. పీడనం తక్కువ. సుమారు పది వేల వోల్టులకే నిప్పురవ్వ దూకుతుంది. నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు గాలి బాగా లోపలికి వచ్చి పీడనం పెరుగుతుంది. అప్పుడు ఇరవై, ముప్పై వేల వోల్టులు కావలసి రావచ్చు. ప్లగ్గు అరిగి సందు పెరిగితే ఈ అవసరం ఇంకా పెరుగుతుంది.

కాయిల్ గాని, దాని రబ్బరు తొడుగు గాని బలహీనపడి ఉంటే పది వేల వోల్టులను భరిస్తుంది. ముప్పై వేల దగ్గర విద్యుత్తు ప్లగ్గు సందులో దూకక, పగులు గుండా ఇంజను లోహంలోకి పారిపోతుంది. అందుకే ఊరిలో చక్కగా నడిచిన కారు ఘాట్ రోడ్డు మీద మొరాయిస్తుంది. షెడ్డులో నిలిపి ఎంత సేపు రేసు చేసినా ఆ లోపం బయటపడదు. బరువు లేకుండా ఇంజనును తిప్పడం వేరు, బరువు లాగించడం వేరు.

వేడి కూడా మరొక కారణం. కాయిల్‌లోని సన్నని తీగ వేడికి వ్యాకోచించి అతుకు వద్ద విడిపోవచ్చు. చల్లబడితే తిరిగి కలుస్తుంది. క్రాంకు సెన్సరు కూడా ఇలాగే వేడికి ఆగి, అరగంట తరువాత ఏమీ ఎరగనట్లు పనిచేయవచ్చు. తేమ, కుదుపులు, వదులైన కనెక్టర్లు, ట్యాంకులో ఇంధనం తగ్గడం వంటివి కూడా ఇటువంటి పరిస్థితులే.

ముఖ్య కారణాలు

నిప్పురవ్వకు సంబంధించినవి

ప్లగ్గు ఎలక్ట్రోడులు అరగడం, పింగాణీ పగలడం, మసి పట్టడం తరచుగా కనబడే కారణాలు. చాలా కార్లలో ప్లగ్గు సందు 0.7 నుండి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది. సరైన కొలత ఆ కారు పుస్తకంలో ఉంటుంది. పింగాణీ మీద పెన్సిలుతో గీసినట్లు నల్లని సన్నని గీత కనబడితే విద్యుత్తు ఆ దారిన పారిపోతున్నదని గుర్తు. అటువంటప్పుడు ప్లగ్గును మాత్రమే మార్చి పాత రబ్బరు తొడుగునే వాడితే, తొడుగు లోపల ఉన్న గీత కొత్త ప్లగ్గును కూడా పాడుచేస్తుంది. రెండింటినీ కలిపి మార్చాలి.

కాయిళ్ళలో తయారీ లోపాలు కూడా ఉండవచ్చు. 2003లో అమెరికాలో ఫోక్స్‌వాగన్, ఆడి కార్లలో కాయిళ్ళు విరివిగా విఫలం కాగా, ఆ సంస్థలు వాటిని ఉచితంగా మార్చి ఇవ్వవలసి వచ్చింది. పాత కార్లలో డిస్ట్రిబ్యూటరు మూత, రోటరు, లావుపాటి ప్లగ్గు వైర్లు వర్షాకాలంలో తేమ పట్టి ఇబ్బంది పెడతాయి. ఎలుకలు వైర్లు కొరకడం కూడా మన ప్రాంతంలో సాధారణం.

ఇంధనానికి సంబంధించినవి

ఇంజెక్టరు పాక్షికంగా మూసుకుపోతే ఆ ఒక్క సిలిండరులో, పెట్రోలు పంపు బలహీనపడినా ఫిల్టరు పూడినా అన్ని సిలిండర్లలో మిస్‌ఫైర్ రావచ్చు. పెట్రోలు పోయించుకున్న కొద్ది దూరానికే లోపం మొదలైతే ఇంధనంలో నీరు కలిసిందేమో చూడాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుండి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు పీల్చేది ఆ అడుగు నుండే. 2025 నాటికి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడుకలోకి వచ్చింది కనుక, ఎక్కువ కాలం కదలకుండా ఉంచే బండ్ల విషయంలో ఈ జాగ్రత్త అవసరం.

గాలికి సంబంధించినవి

గాలి గొట్టాలలో పగులు ఉంటే కొలతకు అందని గాలి లోపలికి చేరి మిశ్రమం పలుచబడుతుంది. ఈ లోపం ఐడ్లింగ్‌లో ఎక్కువగా కనబడి, వేగం పెరిగితే తగ్గుతుంది. మొత్తం గాలిలో ఆ దొంగగాలి వంతు తగ్గిపోవడమే ఇందుకు కారణం. పొగను తిరిగి ఇంజనులోకి పంపే ఇ.జి.ఆర్. కవాటం తెరుచుకొని బిగుసుకుపోయినా ఇవే లక్షణాలు కనబడతాయి.

సంపీడనానికి సంబంధించినవి

కవాటాలు కాలడం, పిస్టన్ రింగులు అరగడం, హెడ్ గ్యాస్కెట్ పాడవడం ఈ కోవకు చెందినవి. సి.ఎన్.జి. వాడే కార్లలో కవాటాల పీఠాలు త్వరగా అరిగి, కవాటపు సందు తగ్గిపోవచ్చు. అప్పుడు ఇంజను వేడెక్కినప్పుడు కవాటం పూర్తిగా మూసుకోదు. పైగా సి.ఎన్.జి. మిశ్రమానికి నిప్పంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. అందువలన పెట్రోలు మీద చక్కగా ఉండి గ్యాసు మీద మాత్రమే మిస్సింగ్ వస్తుంటే, గ్యాసు కిట్టును నిందించే ముందు ప్లగ్గులను, కాయిళ్ళను చూడాలి. ఉదయం స్టార్టు చేసిన వెంటనే ఒక నిమిషంపాటు వణికి, తెల్లని ఆవిరి వదలి, రేడియేటరులో నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

పరిస్థితిని బట్టి అనుమానించవలసినవి

* ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు: ప్లగ్గులు, కాయిళ్ళు, వైర్లు
* ఎక్కువ వేగంలో చాలాసేపు వెళ్ళినప్పుడు: పెట్రోలు పంపు, ఫిల్టరు
* ఐడ్లింగ్‌లో మాత్రమే: గాలి లీకు, ఇ.జి.ఆర్., సంపీడన లోపం
* చల్లగా ఉన్నప్పుడు మాత్రమే: కారే ఇంజెక్టరు, కవాటాల మీది మసి, హెడ్ గ్యాస్కెట్
* బాగా వేడెక్కిన తరువాత: కాయిల్, క్రాంకు సెన్సరు, కవాటపు సందు
* వానలో, కారు కడిగిన తరువాత: కాయిల్ తొడుగులు, ప్లగ్గు వైర్లు, కనెక్టర్లు
* గతుకులలో, మలుపులలో: వదులైన వైర్లు, ఎర్తు, ట్యాంకులో తక్కువ పెట్రోలు

ఇవి అనుమానాలు మాత్రమే, తీర్పులు కావు. పరీక్షతో రుజువు చేసుకోవాలి.

నిర్ధారణ పద్ధతి

మొదటి మెట్టు, వివరాలు రాసుకోవడం. లోపం వచ్చిన ప్రతిసారీ వేగం, గేరు, ఇంజను వేడి, వాతావరణం, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉన్నదీ ఒక కాగితం మీద రాసుకోవాలి. నాలుగైదు సార్లు రాస్తే అన్నింటిలోనూ సమానమైన అంశం తెలిసిపోతుంది. మెకానిక్కుకు ఈ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది.

రెండవ మెట్టు, కోడ్లు చదవడం. స్కానరు పెట్టినప్పుడు పి0300 అని వస్తే అనేక సిలిండర్లలో, పి0301 అని వస్తే మొదటి సిలిండరులో, పి0302 అని వస్తే రెండవ సిలిండరులో మిస్‌ఫైర్ జరిగిందని అర్థం. మిగిలినవి ఇదే వరుసలో ఉంటాయి. ఇ.సి.యు. దీనిని క్రాంకు షాఫ్టు వేగంలోని చిన్న హెచ్చుతగ్గులను బట్టి గుర్తిస్తుంది. కోడ్ ఏ సిలిండరో చెబుతుంది గాని ఏ భాగమో చెప్పదు. కోడ్‌తోపాటు ఆ క్షణంలోని ఇంజను వేగం, భారం, ఉష్ణోగ్రత కూడా నమోదై ఉంటాయి. విడతలుగా వచ్చే లోపానికి ఇంతకంటే విలువైన సాక్ష్యం లేదు. కనుక చదవకముందే కోడ్లు చెరపరాదు, బ్యాటరీ విప్పరాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. దహనం జరగని సిలిండరు నుండి ఆక్సిజన్ వృథాగా బయటికి వస్తుంది. దానిని చూసి ఆక్సిజన్ సెన్సరు మిశ్రమం పలుచగా ఉన్నదని తెలియజేస్తుంది. అందుచేత పలుచని మిశ్రమం అనే కోడ్ మిస్‌ఫైర్‌కు కారణం కాక దాని ఫలితం కావచ్చు. ఇది తెలియక ఆక్సిజన్ సెన్సరును మార్చడం వృథా ఖర్చు.

మూడవ మెట్టు, సిలిండర్ల జతలను గమనించడం. కొన్ని నాలుగు సిలిండర్ల ఇంజనులలో ఒకే కాయిల్ 1, 4 సిలిండర్లకు, మరొకటి 2, 3 సిలిండర్లకు విద్యుత్తు ఇస్తుంది. అటువంటి ఇంజనులో 1, 4 కలిసి తప్పుతుంటే వాటి ఉమ్మడి కాయిల్‌ను చూడాలి. పక్కపక్కన ఉన్న 1, 2 కలిసి తప్పుతుంటే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో చూడాలి.

నాలుగవ మెట్టు, మార్పిడి పరీక్ష. రెండవ సిలిండరు తప్పుతున్నదని తెలిస్తే దాని కాయిల్‌ను మూడవ దానికి, మూడవ దాని కాయిల్‌ను రెండవ దానికి మార్చి, లోపం వచ్చే పరిస్థితులలోనే నడపాలి. కోడ్ పి0302 నుండి పి0303కు మారితే కాయిల్ చెడినట్లు రుజువైంది. మారకపోతే కాయిల్ మంచిదే. తరువాత ప్లగ్గును, ఆ పైన వీలుంటే ఇంజెక్టరును ఇలాగే మార్చి చూడాలి. ఒకసారికి ఒక భాగాన్నే మార్చాలి. రెండింటిని కలిపి మారిస్తే ఏది కారణమో తేలదు. ఈ పరీక్షకు కొత్త భాగం ఒక్కటి కూడా కొనవలసిన పని లేదు.

ఐదవ మెట్టు, లోపాన్ని రప్పించడం. తేమ మీద అనుమానం ఉంటే ఇంజను నడుస్తుండగా కాయిళ్ళ మీద, వైర్ల మీద సన్నని తుంపరగా నీరు చల్లి చూస్తారు. చీకటిలో చేస్తే విద్యుత్తు పారిపోయే చోట నీలి మెరుపు కనబడుతుంది. వదులు కనెక్టర్ల కోసం వైర్లను ఒక్కొక్కటిగా మెల్లగా కదిలించి చూస్తారు. ఈ పనులను అనుభవజ్ఞులే చేయాలి. అధిక వోల్టేజి వలన ప్రమాదం ఉంటుంది. నడుస్తున్న ఇంజనులో ప్లగ్గు వైరును పీకి చూసే పాత పద్ధతి నేటి కార్లకు పనికిరాదు. చేతికి షాక్ కొట్టడమే కాక కాయిల్, కన్వర్టరు కూడా పాడవుతాయి. దానికి బదులు స్కానరుతో గాని, ఇంజెక్టరు కనెక్టరును తీసి గాని ఒక్కొక్క సిలిండరును ఆపి చూడవచ్చు. ఏ సిలిండరును ఆపినప్పుడు ఇంజను నడకలో మార్పు రాదో, అది ముందే పని చేయడం లేదన్నమాట.

ఆరవ మెట్టు, సంపీడన పరీక్ష. నిప్పు, ఇంధనం బాగున్నా లోపం పోకపోతే ప్లగ్గుల స్థానంలో గేజి బిగించి సంపీడనాన్ని కొలవాలి. అంకె ఎంత ఉన్నదనే దానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగిలిన వాటికంటే బాగా తక్కువగా ఉంటే అందులో ఒక చెంచా ఇంజను ఆయిల్ వేసి మళ్ళీ కొలుస్తారు. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే కవాటాలు లేదా గ్యాస్కెట్ కారణమని గ్రహిస్తారు.

ఒక ఉదాహరణ

నాలుగు సిలిండర్లు, నాలుగు కాయిళ్ళు ఉన్న ఒక పెట్రోలు కారు హైదరాబాదు వీధులలో బాగా నడిచి, శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మాత్రమే కుదుపులు ఇస్తున్నదనుకుందాం. యజమాని పెట్రోలు ఫిల్టరు మార్పించాడు. గుణం కనబడలేదు. నాలుగు ప్లగ్గులు మార్పించాడు. తరువాతి ప్రయాణం సాఫీగా జరిగింది. రెండు నెలలకు లోపం తిరిగి వచ్చింది.

ప్లగ్గులు మార్చినప్పుడు ఎందుకు తగ్గింది? కొత్త ప్లగ్గు కొనలు పదునుగా, సందు సరిగా ఉండడం వలన తక్కువ వోల్టేజి చాలింది. అసలు బలహీనత కప్పబడింది గాని పోలేదు. స్కానరులో పి0303 కోడ్, దానితోపాటు వేడెక్కిన ఇంజను, ఎక్కువ భారం నమోదై ఉన్నాయి. మూడవ కాయిల్‌ను తొడుగుతో సహా ఒకటవ దానితో మార్చి, నలుగురిని ఎక్కించుకొని ఎత్తు మీద నడపగా కోడ్ పి0301 అయింది. కాయిల్ దోషమని రుజువైంది.

ఇక్కడితో ఆగరాదు. ఆ కాయిలే ఎందుకు చెడింది అని అడగాలి. మూడవ ప్లగ్గు గుంటలో ఇంజను ఆయిల్ చేరి ఉంది. పైమూత సీలు కారడం వలన ఆయిల్ దిగి రబ్బరు తొడుగును ఉబ్బించింది. సీలును మార్చకుండా కాయిల్‌ను మాత్రమే మారిస్తే కొంతకాలానికి కొత్త కాయిల్‌కూ అదే గతి పడుతుంది. భాగం చెడడం ఒక మెట్టు, అది చెడడానికి కారణం మరొక మెట్టు. రెండింటినీ సరిచేసినప్పుడే మరమ్మతు పూర్తయినట్లు.

మరమ్మతు, జాగ్రత్తలు

* ప్లగ్గులను ఇంజను చల్లబడిన తరువాతే విప్పాలి. సిలిండరు హెడ్ అల్యూమినియంతో చేసినదైతే వేడి మీద మరలు దెబ్బతింటాయి.
* విప్పే ముందు గుంటలోని దుమ్మును గాలితో ఊది శుభ్రం చేయాలి.
* కొత్త ప్లగ్గును మొదట చేతితో తిప్పి, తరువాత పుస్తకంలో చెప్పిన బిగింపుకు మాత్రమే బిగించాలి.
* ఆ ఇంజనుకు నిర్దేశించిన రకాన్నే వాడాలి. ఇరిడియం ప్లగ్గుల సన్నని కొన మీద కొలబద్దను గట్టిగా నొక్కరాదు.
* తీసిన ప్లగ్గులను సిలిండరు వరుసలోనే ఉంచి పరిశీలించాలి. లేత గోధుమరంగు మంచి దహనానికి గుర్తు. పొడి నల్లని మసి ఇంధనం ఎక్కువైందని, జిడ్డు ఆయిల్ లోపలికి వస్తున్నదని, పాలిపోయిన తెలుపు అతిగా వేడెక్కుతున్నదని సూచిస్తాయి. నాలుగింటిలో ఒకటే భిన్నంగా ఉంటే లోపం ఆ సిలిండరులో ఉన్నట్లు.
* మరమ్మతు తరువాత కోడ్లను చెరిపి, ఇంతకుముందు లోపం వచ్చిన పరిస్థితులలోనే నడిపి చూడాలి. ఎత్తు మీద వచ్చిన లోపాన్ని చదునైన వీధిలో పరీక్షించి తగ్గిందనుకోవడం పొరపాటు.
* మార్చిన భాగం, తేదీ, కిలోమీటర్లు రాసి ఉంచుకోవాలి. పాత భాగాన్ని అడిగి తీసుకోవాలి.

కొన్నిసార్లు కారులో లోపమే లేకపోయినా కోడ్ నమోదు కావచ్చు. గతుకుల రోడ్డు మీద చక్రాల కుదుపులు క్రాంకు షాఫ్టు దాకా చేరి మిస్‌ఫైర్‌లాగా కనబడతాయి. దీనిని వేరు చేయడానికి కొన్ని కార్లలో చక్రాల సెన్సర్ల సమాచారాన్ని కూడా ఇ.సి.యు. పరిశీలిస్తుంది. కనుక డ్రైవరుకు ఏ తేడా తెలియకుండా ఒక్కసారి మాత్రమే కోడ్ వచ్చి ఉంటే, దానిని రాసుకొని కొంతకాలం గమనించవచ్చు.

అనుమానం మీద భాగాలను వరుసగా మార్చుకుంటూ పోవడం గుడ్డెద్దు చేలో పడినట్లు ఉంటుంది. లోపం ఎప్పుడు వస్తున్నదో గమనించి, ఏ సిలిండరులో వస్తున్నదో తెలుసుకొని, ఒక్కొక్క భాగాన్నే మార్చి రుజువు చేసుకుంటే సామాన్య పరికరాలతోనే ఎక్కువ భాగం మిస్‌ఫైర్‌లను పట్టుకోవచ్చు.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* స్పార్క్ ప్లగ్గు
* కార్బురేటరు
* విద్యుదయస్కాంత ప్రేరణ
* వాయు కాలుష్యం

వర్గాలు: వాహనాలు, యంత్రాలు, సాంకేతిక విజ్ఞానం